రెండో డబ్బా

హైదరాబాదు నుంచి వచ్చినాయన
బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు,
గుడి చుట్టూ తిరిగినట్టు కాదు,
సంతలో గేదె చుట్టూ తిరిగినట్టు.
టార్చి వేసి ఛాసిస్ నంబరు చదివాడు,
మడ్డి గోకి ఇంజను నంబరు చదివాడు.
"అంతా ఒరిజినలేనా?" అన్నాడు.

ఏం చెప్పాలండీ.
క్లచ్చి లివరు పాలకొల్లు లేతు మీద పుట్టింది.
సీటు కుట్టినోడు గొడుగులు బాగుచేసే మస్తాను,
అందుకే ఎంత వానైనా నీళ్లు నిలవవు.
హెడ్‌లైటు ఓ పాలాయన రాజ్‌దూత్‌ది.
ఆయనా పోయాడు, రాజ్‌దూతూ పోయింది,
చూపు మాత్రం ఈ యెజ్డీకి ఇచ్చిపోయారు.
సైలెన్సర్లు రెండు, తుప్పులూ రెండు రకాలు:
కుడిపక్కది సముద్రపు గాలి,
ఎడమపక్కది రొయ్యల చెరువు.

ఎనభై ఆరు వరదలో మూడు రోజులు నీళ్లకింద ఉంది.
నాలుగోనాడు మా మేస్త్రి కాసులు
కార్బొరేటరు విప్పితే చారెడు ఒండ్రు,
ఒండ్రులో మీసాలూపుతూ ఓ రొయ్యపిల్ల.
"ముందు దాన్ని కాలవలో వదిలి రారా,
తర్వాత స్పానరు పట్టుకుందువు గాని" అన్నాడు.
నాకప్పుడు పదకొండేళ్లు.
ఈ పనిలో నా మొదటి పాఠం అదే.

ఆయన మళ్లీ నంబర్ల దగ్గరికే వెళ్లాడు.
ఏం మోసిందని అడగలేదు.

రాజోలు హాల్లోనూ, మా మలికిపురం హాల్లోనూ
ఒకటే బొమ్మ, ఒకటే ప్రింటు.
అక్కడ గంట ముందు ఆట మొదలు.
అక్కడ ఆడేసిన రీళ్లు రేకు డబ్బాలో పడుకుని
పెయ్యల ఏసోబు వెనక సీటెక్కి ఇక్కడికొచ్చేవి,
ఇంకా వేడి తగ్గకుండా.

ఒక్కోరోజు డబ్బా అందేది కాదు.
తెరమీద దెబ్బ పడబోయే చెయ్యి అలా లేచి
తెల్లగా అయిపోయేది.
ఈలలు, బెంచీల మీద చరుపులు,
మేనేజరు బాబ్జీ గారు బుకింగు గదిలో గడియ.
అప్పుడు కొబ్బరితోటల అవతల మొదలయ్యేది:
ఖాళీ బిందెలో గులకరాళ్లు పోసినట్టు ఓ చప్పుడు.
లాకుల దగ్గర కాస్త తగ్గి,
కాలవ గట్టు మీద మళ్లీ పుంజుకుని.
నాలుగొందల మంది నోళ్లు మూసుకుని
గోడ అవతలికి చెవులు పెట్టేవాళ్లు.
సోడాల మంగతాయి గేటులోంచి అరిచేది:
"రెండో డబ్బా వచ్చిందర్రా, కూకోండి!"

పాశర్లపూడి గ్యాసు బావి మండిన ఆ రెండు నెలలూ
ఏసోబు రాత్రిళ్లు లైటే వేసేవాడు కాదు.
ఆకాశమంతా ఎర్రగా వెలుగుతుంటే
బల్బు మిగిలిందని సంబరం ఆయనకి.
ఊళ్లోవాళ్లు మూటలు సర్దుకుంటున్నా
డబ్బా మాత్రం వేళకొచ్చింది.

ఇప్పుడు ఆ హాలు రొయ్యల మేత గోడౌను.
ఏసోబు పోయిన క్రిస్మస్ ముందు పోయాడు.
కూతురు రత్నకుమారి తాళం నా చేతిలో పెట్టి
"తుడవలేను, చూడలేను, ఇచ్చేయ్ బాబాయ్" అంది.

"ఇలాంటివాటిని క్లాసిక్ అంటారు,
క్రోమ్ వేయిస్తే అద్దంలా ఉంటుంది" అన్నాడు హైదరాబాదాయన.
ఆయ్, అన్నాను.
ఆ మాట నా నోటికి సరిగా తిరగదు.
బేరం కూడా ఎక్కువ సాగలేదు,
నాకెందుకో రేటు చెప్పడానికే సిగ్గేసింది.

ఓసారి స్టార్టు చేద్దామని
కిక్కు రాడ్డు కోసం కుడిపక్క వెతుకుతున్నాడు.
గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి లేపి చూపించాను,
ఇదే అదండీ, అదే ఇదండీ.
మొదటి తన్నుకి దగ్గింది.
రెండోదానికి నీలంగా పొగ.
మూడోదానికి
బిందెలో గులకరాళ్లు.

కాలవ గట్టున గోనెపట్టా మీద
తేగలు పేర్చుకుంటున్న ముసలమ్మ,
కళ్లకి మసకలు కమ్మి మనిషిని పోల్చలేని మంగతాయి,
చేతిలో తేగ చేతిలోనే ఉండగా
గోడౌను గేటు వైపు తల తిప్పి
గట్టిగా, ఎవరికో:

"వచ్చిందర్రా, కూకోండి!"